తుపాకీకి గది, పిల్లలకు ట్యాంకు నీడ

ఆఫీసుల్లో ఫ్యాన్ల కింద కూర్చున్న అయ్యలారా, అమ్మలారా, దొడ్లగూడెం అంగన్‌వాడీ పిల్లల్ని గదిలోంచి వెళ్లగొట్టి ఆ గదిలో తుపాకీని పడుకోబెట్టింది మీరే. ఎవరో ఒకరు కాదు, అందరూ కలిసి. ఒకరు ఉత్తర్వు రాశారు, ఒకరు సంతకం పెట్టారు, ఒకరు ముద్ర గుద్దారు, మిగిలినవాళ్లు టీ తాగుతూ చూశారు. ఇప్పుడు మా దృష్టికి రాలేదంటే కుదరదు. వచ్చింది. చాలాసార్లు వచ్చింది. మీరే దృష్టి తిప్పుకున్నారు.

దొడ్లగూడెం అడవి అంచున ఉన్న ఊరు. సమ్మక్క అక్కడ అంగన్‌వాడీ టీచరు. కేంద్రానికి సొంత భవనం లేదు గనక తన ఇంటి ముందుగదిలోనే నడుపుతోంది. పొద్దున తల్లులు పత్తి చేలకు పోతూ పోతూ పిల్లల్ని ఆ గడపలో దించిపోతారు. పాట పాడించడం, పప్పన్నం పెట్టడం, ఉడికిన గుడ్డు ఒలిచి చేతికివ్వడం, మధ్యాహ్నం చాప మీద వరసగా పడుకోబెట్టడం ఆమె పని. ఆయా ఎల్లవ్వ వంట చూస్తుంది. సమ్మక్క భర్త సదయ్య ఆటో నడుపుతాడు, ఎవరి జోలికీ పోడు.

సమ్మక్క తండ్రి ఓదెలు పడుచు వయసులో దొర వేటకు పోతుంటే వెనక తుపాకీ మోసిన మనిషి. వేట మీద నిషేధం వచ్చాక దొర పట్నానికి మకాం మార్చేశాడు. పోతూ పోతూ ఆ వేట తుపాకీని లైసెన్సుతో సహా ఓదెలుకు రాయించి ఇచ్చాడు. భూమి ఇవ్వడానికి చెయ్యి రాలేదు, ఇనుము ఇవ్వడానికి వచ్చింది. ఓదెలు దాన్ని వెనకగది గోడకు తగిలించుకున్నాడు. జీవితంలో ఒక్కసారే పేల్చాడు, అదీ దొర వెంట వేటకు తిరిగిన రోజుల్లో, పంది మీద. పంది పోయింది అడవిలోకి, గుండు పోయింది దొరవారి జీపు టైరులోకి. ఆ కథ చెప్పుకుంటూనే ముసలాయన మొన్న వేసవిలో కన్ను మూశాడు. ఆయనకు సమ్మక్క ఒక్కతే బిడ్డ కాబట్టి తుపాకీ ఆమెకు వచ్చింది.

దినాలు అయిపోయి కేంద్రం మళ్లీ తెరిచిన పొద్దున, రజిత కూతురు మణిశ్రీ వెనకగదిలో మంచమెక్కి, మునివేళ్ల మీద నిలబడి, తుపాకీ పట్టీని అందుకోబోతూ కనిపించింది. లోపల తూటా ఉందో లేదో ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ పోయాడు. సమ్మక్క పిల్లను దించి, తుపాకీని పాత చీరలో చుట్టి అటక మీద పెట్టించి, అప్పుడే చెప్పులు వేసుకుని పోలీసు స్టేషనుకు బయల్దేరింది. ఈ పీడ పొద్దుగూకేసరికి వదిలిపోతుందని ఆమె నమ్మకం. పాపం, అంగన్‌వాడీలో పనిచేస్తూ కూడా ప్రభుత్వం గురించి అంత అమాయకంగా ఉండగలిగింది.

స్టేషన్లో ఎస్సైగారు ఉన్నారు. ఆయన పేరు మనకు అక్కర్లేదు, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అదే మాట్లాడతారు. సమ్మక్క సంగతి చెప్పి, తుపాకీ తెచ్చి అప్పజెబుతాను తీసుకోండి అంది. ఎస్సై ఉలిక్కిపడ్డాడు. లైసెన్సు లేని మనిషి ఆయుధం పట్టుకుని రోడ్డెక్కితే నేరమని, తేవద్దని చెప్పాడు. అయితే మీరే వచ్చి తీసుకుపొమ్మంది. నేరం జరగకుండా ఇంట్లోంచి వస్తువు తీసుకురావడం కుదరదన్నాడు.

"ఐతే నేను నేరం జేసిన్నని రాస్కోండ్రి సారూ. సంతకం పెడ్త."

ఎస్సై ముఖం ఎర్రబడింది. "ఏందమ్మా, తప్పుడు కేసు రాయమంటున్నవా? మాకు నీతి లేదనుకున్నవా?"

ఆ స్టేషన్ గోడలు ఆ మాట వినడం అదే మొదటిసారి. మూలన కూర్చున్న రైటరు కలం కిందపెట్టి తలెత్తి చూశాడు.

ఎన్నికలప్పుడల్లా మా నాయిన తుపాకీ తెచ్చి ఇక్కడే పెట్టేవాడు కదా అని సమ్మక్క గుర్తుచేసింది. అప్పుడు ఎన్నికలు ఉన్నాయి, ఆయనకు లైసెన్సు ఉంది, ఇప్పుడు రెండూ లేవన్నాడు ఎస్సై. తుపాకీ వదిలించుకోవాలంటే ముందు తుపాకీ ఉంచుకునే అర్హత సంపాదించాలి, లైసెన్సు తీసుకోవాలి, అప్పుడు దాన్ని దర్జాగా తెచ్చి అప్పగించవచ్చు అని ఓపికగా వివరించాడు. సరే, లైసెన్సే ఇప్పించమంది. దానికి కారణం ఉండాలి కదా అని ఆయన విచారణ మొదలుపెట్టాడు.

"నీకు ప్రాణభయం ఉన్నదా? శత్రువులు ఎవరన్న ఉన్నరా?"

"నిన్నటిదాక లేకుండె సారూ."

ఎస్సైకి ఆ మాట అర్థం కాలేదు. శత్రువులు లేని మనిషికి లైసెన్సు రాదని, వ్యవహారం తాసిల్దారు చూడాలని పంపేశాడు.

తాసిల్దారు గొప్ప చురుకైన మనిషి. ఊళ్లో తాగునీటి మోటారు కాలిపోతే చూడటానికి రాని ఆయన, తుపాకీ అనగానే ఇద్దరు ఆర్‌ఐలతో, కొలత టేపుతో, సీలు వేసే లక్కతో సహా దిగిపోయాడు. ఆరుబయట కుర్చీ వేయించుకుని పంచనామా చెప్పి రాయించాడు. "సదరు ఆయుధము సదరు గృహమందు లైసెన్సుదారు మరణానంతరము నిరాధారముగా పడియున్నందున" అని మొదలుపెట్టాడు. నిరాధారంగా పడి ఉన్నది తుపాకీయా తన తండ్రా అని సమ్మక్క మొగుడి వైపు చూసింది. సదయ్య పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

పంచనామాలో చివరికి తేలిందేమిటంటే, వారసత్వం తేలేవరకు ఆయుధం ఉన్న ఇంట్లోనే ఉండాలి. దానికి ప్రభుత్వం తరఫున ఒక కానిస్టేబులు కాపలా ఉండాలి. కాపలా మనిషి సంసారులు పడుకునే వెనకగదిలో ఉండటం మర్యాద కాదు కాబట్టి ఆయుధాన్ని ముందుగదికి మార్చాలి. లైసెన్సు లేకుండా కదపడం నేరం కదా అని సదయ్య నోరు జారి అడిగాడు. తాసిల్దారు నవ్వాడు. గడప దాటనంత వరకు అది రవాణా కాదట, అంతర్గత సర్దుబాటట. ఆర్‌ఐలు ఇద్దరూ ఆ మాటకు తలలూపి ఎంత బాగా అన్నారు సార్ అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ పూటతో సమ్మక్క ముందుగది ప్రభుత్వం లెక్కలో ఆయుధ నిల్వ స్థలం అయిపోయింది.

ఆ మర్నాడు శిశు సంక్షేమ అధికారిణి జీపు దిగింది. చేతిలో తాసిల్దారు పంపిన నకలు. ఆయుధ నిల్వ స్థలంలో పసిపిల్లలు అనుమతి లేకుండా ఉంటున్నట్టు తన దృష్టికి వచ్చిందని, ఇది చాలా తీవ్రమైన విషయమని, తక్షణం వాళ్లను అక్కడి నుంచి తరలించాలని చెప్పింది. సమ్మక్క మొదట సంతోషించింది. తుపాకీని తరలించమంటోంది అనుకుంది. కాదు, పిల్లల్ని.

ఎక్కడికి తరలించాలి అని అడిగింది. బడి గదులు బడి పిల్లలకే చాలవు. పంచాయతీ ఆఫీసులో ఎరువుల బస్తాలు ఉన్నాయి. మేడం చుట్టూ చూసి, రోడ్డు పక్కన నాలుగు స్తంభాల మీద నిలబడ్డ నీళ్ల ట్యాంకును వేలితో చూపించింది. కింద నీడ ఉంది, గాలి ఉంది, ప్రకృతి ఒడి అంది.

"కేంద్రమంటే నాలుగు గోడలు కాదు సమ్మక్కగారూ, అదొక భావన. భావనను ఎక్కడైనా నడపవచ్చు."

"భావన మీద వాన పడ్తది గద మేడం."

మేడం ఆ మాటను కాగితం మీద రాసుకోలేదు.

ఇక తుపాకీ వైభోగం మొదలైంది. ముందుగది కప్పు కారుతోందని, మధ్యాహ్నం పిల్లల చాపల మీద నీళ్లు పడుతున్నాయని సమ్మక్క ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంది. నిధులు లేవన్నారు. తొలకరి జల్లుకు తుపాకీ మడమ మీద ఒక్క చుక్క పడింది. ఆ వారంలోనే మేస్త్రీలు వచ్చారు, రేకులు మార్చారు, గోడలకు సున్నం కొట్టారు. కిటికీకి జాలి బిగించారు. గాలి లేకపోతే చెమ్మ పట్టి తుప్పొస్తుందని ఫ్యాను వేశారు. ఆ ఫ్యాను కింద తుపాకీ రెండు బల్లల మీద కాళ్లు చాపుకుని పడుకుంది. కేంద్రానికి రావలసిన వంటనూనె ఎక్కడో ఆగిపోయింది గానీ, తుపాకీకి పూయవలసిన నూనె మాత్రం సీసాలో, రసీదుతో, తెల్లగుడ్డతో సహా వచ్చింది.

కాపలాకు వచ్చిన కానిస్టేబులు కనకరాజు చెడ్డవాడు కాదు. పొద్దస్తమానం ఇనుప ముక్క ముందు కూర్చుని విసిగిపోయాడు. "నేను దీనికి కావలి ఉన్ననా, ఇది నాకు కావలి ఉన్నదా అక్కా" అని గోడ అవతల నుంచి సమ్మక్కతో మొత్తుకునేవాడు. ఇంటికి పోవాలంటే బదులు మనిషి రావాలి, బదులు మనిషి రావాలంటే పై ఉత్తర్వు రావాలి. పెళ్లయి ఏడాది కూడా కాలేదట. ఎల్లవ్వ ఊరుకుంటుందా, తుపాకిని చంకల పెట్టుకోని పోరాదు కొడుకా, నీ పెండ్లాం గూడ నీ మాట ఇంటది అని ఆటపట్టించేది.

గుడ్ల వ్యవహారం ఇంకో వింత. సర్కారు ఇచ్చిన ఫోనులో ఫోటో తీస్తేగానీ ఆ రోజు గుడ్లు పంచినట్టు కాదు, ఆ ఫోనులోని యాప్ కేంద్రం గదిలో తప్ప ఇంకెక్కడా ఫోటో ఒప్పుకోదు. పిల్లలు గదిలోకి పోకూడదు. అందుకని సమ్మక్క రోజూ గుడ్ల గిన్నె తీసుకుపోయి తుపాకీ పక్కన పెట్టి ఫోటో తీసి, గిన్నె ఎత్తుకుని ట్యాంకు కిందికి నడిచేది. ఆ ఫోటోలు జిల్లాకు పోయాయి. గది శుభ్రంగా ఉందని, కొత్త సున్నం కనిపిస్తోందని మెచ్చుకుంటూ జవాబు వచ్చింది. గుడ్ల వెనక తుపాకీ ఎందుకుందని ఒక్కడూ అడగలేదు.

నెల తిరిగేసరికి తనిఖీ బృందం వచ్చింది. ఆయుధం భాగాలు ఏవీ పోలేదని రుజువు కావాలంటే తూచాలన్నాడు ఆర్‌ఐ. త్రాసు ఎక్కడిది? పిల్లల్ని తూచే త్రాసు అదే గదిలో వేలాడుతోంది. దాని గుడ్డ ఉయ్యాలలో తుపాకీని పడుకోబెట్టారు. బరువులో ఏ మార్పూ లేదు, స్థితి మిక్కిలి సంతృప్తికరం అని రాసుకున్నారు. వాళ్లు పోయాక సమ్మక్క అదే త్రాసును ట్యాంకు స్తంభానికి కట్టి పిల్లల్ని తూచింది. దాదాపు అందరూ తగ్గారు. వానకు తడిసి జ్వరాలు, దోమలు, పొయ్యి వెలగని రోజుల్లో అటుకులు. ఆ బరువుల లెక్క పైకి పంపిస్తే మేడం నుంచి సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చింది. తుపాకీని సక్రమంగా కాపాడగలిగిన ఇంట్లో పిల్లల్ని కాపాడలేకపోవడానికి టీచరు నిర్లక్ష్యం తప్ప ఇంకేం కారణం ఉంటుందని అందులో రాసుంది.

అప్పుడు కూడా సమ్మక్క ఓర్చుకుంది. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఆ ఓర్పు తెగింది. ట్యాంకు కింద బురద. మణిశ్రీ చేతిలోని గుడ్డు జారి రోడ్డు మీదికి దొర్లింది. పిల్ల దాని వెనక పరిగెత్తింది. ఎరువు బస్తాలతో వస్తున్న ట్రాక్టరు డ్రైవరు ప్రాణం బిగబట్టి బ్రేకు తొక్కాడు. పిల్ల జారిపడి నుదురు చీరుకుంది. టైరుకూ పిల్ల తలకూ మధ్య ఆ గుడ్డు మాత్రం నుజ్జయి ఉంది.

రజిత చేనులోంచి పరిగెత్తుకొచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. కూతురి తల కొంగుతో అదిమిపట్టి సమ్మక్క ముఖంలోకి చూసింది.

"టీచరక్కా, నిన్ను నమ్మి ఇడిసిపోయిన. రేపటిసంది చేనుకే తీసుకపోత. మందు కొట్టేకాడ కూసోబెడ్త, గాని నీకాడికి తోలియ్య."

మర్నాడు ట్యాంకు కింద సగం మంది కూడా లేరు. రానివాళ్లు పురుగుమందు వాసన మధ్య చేల గట్ల మీద కూర్చున్నారు. పిల్లలు లేని కేంద్రాన్ని ఎత్తేస్తారు. ఎత్తేసిన కేంద్రం మళ్లీ ఆ ఊరికి రాదు. సమ్మక్క మెతుకు ముట్టకుండా కూర్చుంది.

పొద్దెక్కాక సమ్మక్క లేచి నేరుగా ముందుగదిలోకి పోయింది. బల్లల మీది తుపాకీని పాత చీరలో చుట్టి చుట్టకుదురు మీద నెత్తిన పెట్టుకుంది, కట్టెల మోపులాగా. నేరం జరగనిదే తీసుకోలేమన్నారు కదా, ఈ రోజు నేరమే చేస్తుంది. కనకరాజు అడ్డం వచ్చి, అక్కా నన్ను ఇరకాటంలో పెట్టకు అని చేతులు జోడించాడు.

"నీ డ్యూటీ దేనికి తమ్మీ? గదికా, తుపాకికా?"

కనకరాజు జేబులోని ఉత్తర్వు తీసి పైనుంచి కిందికి చదివాడు. తుపాకీకే.

"ఐతే నా ఎన్క రా."

వెనకే వచ్చాడు. ఇంకేం చేస్తాడు, ఉత్తర్వు అలా ఉంది. గడప దాటేసరికి ఎల్లవ్వ గుడ్ల గిన్నె చంకనెత్తుకుని వచ్చింది. సదయ్యను ఆటో తియ్యమంటే, తుపాకీ ఎక్కితే బండి జప్తు చేస్తారని నసిగాడు. అంతలోనే, పిల్లలు ఎక్కితే నేరమేం కాదు కదా అని తనే ట్యాంకు దగ్గరున్న పిల్లల్ని ఎక్కించుకున్నాడు. చేల దారి వెంట పోతుంటే తల్లులు తలెత్తి చూశారు. మంది కదిలారు. రజిత కట్టు కట్టిన కూతురిని చంకనేసుకుని గట్టు దిగి వచ్చి సమ్మక్క పక్కన నడిచింది.

సమ్మక్క స్టేషన్లోకి పోయి మోపును ఎస్సైగారి బల్ల మీద దించి చీర విప్పింది.

"నేరం జేసిన సారూ. లైసెన్సు లేకుంట ఊరంత చూస్తుండంగ తెచ్చిన. రాస్కోండ్రి."

ఎస్సై కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. పైకి ఫోన్లు చేశాడు. తాసిల్దారును అడిగాడు, డీఎస్పీ ఆఫీసును అడిగాడు, వాళ్లు ఇంకెవరినో అడిగారు. చివరికి తేలింది. ఆయుధం వెంట ప్రభుత్వం నియమించిన కాపలా నడిచింది కాబట్టి ఇది అక్రమ రవాణా కాదు, అధికారిక రవాణా. నేరం జరగలేదు. సమ్మక్క నిర్దోషి. కాబట్టి తుపాకీని తీసుకుని ఇంటికి పోవచ్చు.

సమ్మక్క సరేనంది. కనకరాజు కూడా వస్తాడా అని అడిగింది. మళ్లీ ఫోన్లు. కనకరాజు స్టేషన్ గడప తొక్కడంతో అతని ఊరి డ్యూటీ ముగిసినట్టట. తిరుగు కాపలాకు కలెక్టరాఫీసు నుంచి కొత్త ఉత్తర్వు రావాలి. కాపలా లేకుండా ఆమె తుపాకీ పట్టుకుని బయటికి అడుగుపెడితే మాత్రం జైలు. అలాగని బల్ల మీద వదిలిపెట్టి పోతే ఆయుధాన్ని అనాథగా విడిచిపెట్టిన నేరం. ఎస్సై దాన్ని చేత్తో ముట్టుకుంటే స్వీకరించినట్టు అవుతుంది, అందుకని ఆయన కూడా ముట్టుకోడు. ఇంతలో కనకరాజు టోపీ తీసి, చెమట తుడుచుకుని, సార్ నేను ఇంటికి పోయొస్త అని ఎవరూ ఆపేలోగా బస్సెక్కేశాడు. ఆ రోజు ఆ ఆఫీసుల్లో ఎవరైనా తెలివైన పని చేశారంటే అది అతనొక్కడే.

సమ్మక్క స్టేషన్ వరండాలోకి వచ్చి చాప పరిచింది. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టింది. ఎల్లవ్వ గుడ్లు ఒలిచి చేతుల్లో పెట్టింది. ఎవడో ఒకడు పాట ఎత్తుకున్నాడు, మిగిలినవాళ్లు అందుకున్నారు. లాకప్పులో ఉన్న ఇద్దరు కోళ్ల దొంగలు ఊచల దగ్గరికి వచ్చి చూశారు. ఎస్సై బయటికి వచ్చి కేకలేశాడు. ఆయుధం ఉన్న చోట పిల్లలు ఉండకూడదని స్పష్టమైన ఉత్తర్వు ఉందని, తక్షణం వాళ్లను ఖాళీ చేయించాలని అన్నాడు.

సమ్మక్క మణిశ్రీ నోట్లో గుడ్డు ముక్క పెడుతూ తలెత్తింది.

"ఔ సారూ, ఉత్తర్వు మీదే. రెండిట్ల ఏదో ఒకటి బయటికి తీయుండ్రి. పిల్లలైతే లేవరు."

రజిత చాప మీద ఇంకొంచెం ముందుకు జరిగి కూర్చుంది. మిగిలిన తల్లులూ జరిగారు. ఎస్సై లోపలికి పోయాడు. బల్ల మీద తుపాకీ, బల్ల అవతల ఆయన, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉన్నారు. లోపల తూటా ఉందో లేదో ఇప్పటికీ ఎవరూ చూడలేదు. తూచారు, నూనె పూశారు, ఫ్యాను వేశారు, కొలిచారు, సీలు కొట్టారు. ఒక్కడికీ దాన్ని విప్పి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. అటు తాసిల్దారు ఇంకో ఘనకార్యం చేశాడు. తుపాకీ లేకపోయినా అది ఆయుధ నిల్వ స్థలమేనని ముందుగదికి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకుని మీటింగుకు పోయాడు.

అయ్యలారా, ఇక మీ వివరణలు ఆపండి. కమిటీ వేస్తామంటారేమో, అదీ మాకొద్దు. ఆ బల్ల మీద చేతులు పెట్టి తుపాకీని ఎత్తండి. దాని కడుపులో ఏముందో విప్పి చూడండి. తర్వాత ముక్కలు చేస్తారో, కరిగిస్తారో, దొరగారి పట్నం బంగళాకే పార్సిలు చేస్తారో మీ ఇష్టం. తాసిల్దారు మీటింగులో ఉన్నా సరే, మధ్యలో లేపి ఆ తాళంచెవి తెప్పించండి. దొడ్లగూడెం తల్లులకు రేపు పొద్దున చేలో పని ఉంది. ఆ లోపు గది తెరవండి.